తోడుమెట్ట తోడమ్మ, ఉప్పు అంబలి

కొండదారిలో బస్సు ఆఖరి మలుపు తిరగగానే ఎడమ వైపున పసుపు రంగు గోడ, దాని వెనక ఆసుపత్రి భవనం, ఆ పక్కనే గడ్డి కప్పిన పొడవాటి పాక కనిపిస్తాయి. అదే తోడుమెట్ట. మొదటిసారి వచ్చిన యాత్రికులు ఇక్కడ దిగి, గోపురం కోసం నాలుగు వైపులా చూసి, తమను ఆసుపత్రి దగ్గర దింపేశాడని కండక్టరు మీద కోప్పడడం మామూలే. పాపం, అతని తప్పేమీ లేదు. మా ఊళ్ళో గుడీ ఇదే, ఆసుపత్రీ ఇదే.

భవనంలో రక్తపరీక్షలు, సూదిమందు, పురుడు పోసే గది ఉన్నాయి. పాకలో గురువులు, అంటే మా కొండ వైద్యులు, ఉంటారు. నడుము పట్టేసిన వాళ్ళకు నూనె మర్దన, బాలింతలకు ఆకుల కాపడం, పాత నొప్పులకు వేర్ల కషాయం వాళ్ళ పని. జ్వరంతో ఎవరొచ్చినా ముందు భవనంలో వేలికి సూది గుచ్చి రక్తం చూడవలసిందే. ఈ నియమం పెట్టింది గురువులే. మోకాళ్ళు పట్టేసిన ముసలివాళ్ళను డాక్టరుగారు చీటీ కూడా రాయకుండా పాకకు పంపిస్తారు. భవనానికీ పాకకూ మధ్య ఒక వసారా, అందులో సిమెంటు బల్ల, ఆ బల్ల చివర ఒకదానికొకటి ఆనుకుని రెండు రాళ్ళు ఉంటాయి. వాటినే తోడమ్మ అంటాము.

గేటు దగ్గర కొర్రా జానకమ్మ కూర్చుని ఉంటుంది. పేరు, ఊరు, జబ్బు ఏమిటన్నది ఆమె అడగదు. అందరినీ ఒక్కటే అడుగుతుంది. "నీతోటి ఎవులొచ్చినారు?" తనిఖీకి వచ్చిన పెద్ద అధికారులను కూడా ఆమె ఇలాగే అడిగింది. వారిలో ఒకాయన నొచ్చుకున్నాడని విన్నాము. ఆ ప్రశ్న వయసు తెలిస్తే ఆయన నొచ్చుకుని ఉండేవాడు కాడు.

పూర్వం ఇక్కడ భవనమూ లేదు, రోడ్డూ లేదు. మెట్ట మీద వంతల బుద్రు అనే గురువు కాపురం ఉండేవాడు. చుట్టుపక్కల గూడేలన్నిటికీ ఆయన చేతి మందే దిక్కు. ఆయనకు తన గురువు నుంచి వచ్చిన కట్టుబాటు ఒకటి ఉంది. రోగి మందును తన చేత్తో తాను తాగకూడదు. వెంట వచ్చిన మనిషి తాగించాలి. ఆ మనిషి తన గూడెం అమ్మవారి పేరు చెప్పి "నానొచ్చినాను" అనాలి. అలా అన్నవారు సగం జబ్బును తమ మీద వేసుకున్నట్టేనని అందరి నమ్మకం. అందుకే ఎవరి వాళ్ళకు వాళ్ళే ఆ మాట అనేవారు. అమ్మ బిడ్డకు, పెళ్ళాం మొగుడికి. పరాయివాళ్ళ కోసం అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ కట్టుబాటు తప్పితే గురువు చేతిలో మందు చచ్చిపోతుందని, ఆ తర్వాత గూడెంలో ఎవరికీ పనిచేయదని బుద్రు గట్టిగా నమ్మేవాడు.

ఆ మెట్ట దిగువనే సోంబారి అనే ఆవిడ మేకలు కాచుకునేది. ఆమె భర్త పులివాత పడ్డాడు. మిగిలిన ఒక్కగానొక్క కూతురికి చలిజ్వరం వస్తే భుజాన వేసుకుని బుద్రు పాకకు పరుగెత్తింది. నానొచ్చినాను అన్నది, మందు తాగించింది. పిల్ల దక్కలేదు. సగం జబ్బు తనకు రావలసింది పోయి అంతా పిల్లకే ఎందుకు వెళ్ళిందని సోంబారి బుద్రును అడిగింది. ఆయన ఖాళీ అయిన మందు ముంత కడగడానికి లేచాడు. ఆనాటి నుంచి ఆమె ఆ పాక గడప తొక్కలేదు, బుద్రుతో మాట్లాడలేదు. అంబలిలో ఉప్పు వేసుకోవడం కూడా మానేసింది. పిల్లకు ఉప్పు ఎక్కువగా వేసిన అంబలి ఇష్టం. ఉప్పు నాలుక్కి తగిలితే పిల్ల గుర్తొచ్చేది.

ఇతర క్షేత్రాల కథల్లో ఆవు వెళ్ళి పుట్టలో పాలు ధారగా విడుస్తుంది, కాపరి అది చూసి దేవుణ్ణి కనిపెడతాడు. మా మేకలు అంత పుణ్యాత్మురాళ్ళు కావు. వాటికి కనబడ్డ ఆకు మేయడమే తెలుసు. ఒక వానాకాలం అవి అలాగే మేస్తూ మేస్తూ మెట్ట పైకి ఎక్కేశాయి. వాటిని మళ్ళించడానికి సోంబారి ఇష్టం లేకపోయినా బుద్రు పెరటి దాకా వెళ్ళవలసి వచ్చింది. అక్కడ ఒక రాతికి ఆనుకుని, గజగజ వణుకుతూ ఒక పరాయి ఆడమనిషి కూర్చుని ఉంది.

ఆమె పేరు నూకాలు. కింద నుంచి ఉప్పు మోసుకొచ్చి కొండ సంతల్లో అమ్మే వాళ్ళ గుంపులో మనిషి. దారిలో జ్వరం తగిలితే, తమకూ అంటుకుంటుందన్న భయంతో గుంపు ఆమెను ఒక చిన్న ఉప్పుమూటతో వదిలేసి వెళ్ళిపోయింది. ఆమె పడుతూ లేస్తూ బుద్రు పాకకు చేరింది. ఆయన అలవాటు కొద్దీ అడిగాడు, నీతోటి ఎవులొచ్చినారని. ఎవరూ లేరన్నది. పెరట్లో ఉన్న వాళ్ళ ముఖాలు బుద్రు ఒక్కొక్కటిగా చూశాడు. ఊరూ పేరూ తెలియని మనిషి జ్వరంలో సగం తీసుకోవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? ఒకరు నాగలి గుర్తొచ్చి వెళ్ళారు, ఒకరు పొయ్యి గుర్తొచ్చి వెళ్ళారు. బుద్రు కఠినుడు కాడు. నేలవేము నూరి సిద్ధంగా పెట్టుకుని, ఇవ్వలేక, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మాకైతే ఇక్కడ ఆయన మీద కోపం వస్తుంది. కానీ ఊరందరి ప్రాణం తన చేతిలో ఉందని నమ్మినవాడి భయం మనకు తెలియదు.

సోంబారి తన వెంట తెచ్చుకున్న, రాగిపిండితో కాచిన చోడి అంబలి నూకాలు నోటికి పట్టింది. ఒక గుక్క తాగి నూకాలు ముఖం చిట్లించింది.

"ఉప్పు నేదేటప్పా?"

"నాను తినను," అన్నది సోంబారి.

నూకాలు తన మూట విప్పి, చిటికెడు ఉప్పు తీసి ముంతలో వేసింది. ప్రాణం పోతున్న మనిషి కూడా అంబలిలో ఉప్పు సరిచూసుకుంది, ఆడవాళ్ళ సంగతి అంతే. తరవాత సోంబారి లేచి వెళ్ళబోతే ఆమె కొంగు పట్టుకుంది. "అప్పా, నన్నొగ్గీకు," అన్నది. అక్కా, నన్ను వదిలి వెళ్ళవద్దని. జ్వరం వచ్చినప్పుడు కూతురు కూడా ఆ కొంగు అలాగే పట్టుకుంది. సోంబారి ఆ వేళ్ళను విడిపించలేకపోయింది.

ఆమె నూకాలును లేవదీసి, నడుం చుట్టూ చెయ్యి వేసి, తొక్కనన్న గడప తొక్కింది. బుద్రు తలెత్తి చూశాడు. ఎదురుగా సోంబారి. గోడ దగ్గర నుంచి ఇటు తిరిగి ఆ ప్రశ్నే అడిగాడు.

"నీతోటి ఎవులొచ్చినారు?"

నూకాలు కాదు, సోంబారి జవాబు చెప్పింది. "నానొచ్చినాను."

"సెల్లీ, సగం నీ మీదకొచ్చేస్తాది."

"రానీ. ఆనాడు రానిది ఈనాడైనా రానీ."

"ఆనాడు నాను..." అని బుద్రు ఏదో చెప్పబోయాడు. సోంబారి చెప్పనివ్వలేదు. "ముందు మందియ్యి, బుద్రన్నా. ఏడవడానికి తరవాత బోలెడు కాలముంది."

ఆ మందు సోంబారి చేత్తోనే తాగించింది. జ్వరం తగ్గేదాకా నూకాలు తల తన ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉంది. సగం జబ్బు రాలేదు. మొదట ఆ సంగతికి సోంబారికి కోపం వచ్చిందట, తరవాత నవ్వు వచ్చిందట. నూకాలు లేచి కూర్చున్న రోజున ముగ్గురూ కలిసి అంబలి తాగారు. సోంబారి ముంతలోనూ ఉప్పు పడింది. ఆమె తాగుతూ ఏడ్చింది, బుద్రు కూడా ఏడ్చాడు. కూతురి పేరు ఆ రోజు వాళ్ళిద్దరూ మొదటిసారి కలిసి తలుచుకున్నారు. నూకాలు తన ఊరు వెళ్ళిపోయింది. ఆమె మామూలు మనిషి కాదు, అమ్మవారే ఆ రూపంలో వచ్చిందని మా గుడి కమిటీలో కొందరి వాదన. అమ్మవారు ఏటేటా కొండెక్కి సోంబారికి ఉప్పు తెచ్చి, ధర దగ్గర ఊళ్ళో వాళ్ళతో పోట్లాడి వెళ్ళేదంటే నమ్మడం మాకు కొంచెం కష్టం.

ఆ తరవాత ఎవరు ఒంటరిగా వచ్చినా సోంబారి మేకలను వదిలేసి వచ్చేది. నానొచ్చినాను అనేది. ఆమె అలా ఎందరి చేతులు పట్టుకుందో లెక్క లేదు.

కాలం గడిచి సోంబారి ముసలిదైంది. ఒక రోజు ఆమె ఆయాసపడుతూ మెట్ట ఎక్కి బుద్రు పాక ముందు కూలబడింది. పెరటి నిండా జనం ఉన్నారు. అలవాటు కొద్దీ బుద్రు నోరు తెరిచాడు. నీతోటి ఎవులొచ్చినారు? అడిగాక గానీ ఆయనకు తెలియలేదు, ఊరందరికీ వెంట వచ్చిన మనిషికి వెంట వచ్చేవాళ్ళు లేరని. జనంలో కదలిక వచ్చింది. ముందుకు రాబోయిన వాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ అందరికన్నా ముందు బుద్రు లేచాడు. మందు నూరే రాయి తన కోడలి చేతిలో పెట్టాడు. గురువు కూర్చునే పీట దిగి, ఇటు వచ్చి, సోంబారి పక్కన నేల మీద చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు మందియ్యమ్మా," అన్నాడు కోడలితో. "నాను సోంబారితోటి వచ్చినాను."

ఆ మందు పట్టలేదు. సోంబారి ఆయన చేతిలో చెయ్యి ఉంచే వెళ్ళిపోయింది. ఈసారి మందు ఎందుకు పనిచేయలేదని ఎవరూ అడగలేదు.

బుద్రు ఆమె మేకలు కాచిన చోటి నుంచి ఒక చిన్న రాయి మోసుకొచ్చి, నూకాలు ఆనుకున్న పెద్ద రాతికి ఆనించి నిలబెట్టాడు. ఆయనకు ప్రతిష్ఠ మంత్రాలేవీ రావు. ఉప్పు వేసిన అంబలి ముంత ముందు పెట్టి, తోడమ్మా అని పిలిచాడు. ఊరికీ ఆ పేరు మీదే తోడుమెట్ట అని నిలిచింది. ఈ రెండింటిలో అమ్మవారు ఏ రాయి అని యాత్రికులు అడుగుతుంటారు. మేము రెండు రాళ్ళూ ఒకదానికొకటి తగిలే చోట పసుపు రాస్తాము.

మన కాలంలో ఇక్కడ ఆరోగ్య కేంద్రం కట్టినప్పుడు, వెంట వచ్చినవారు బయటే ఉండాలని లోపల బోర్డు పెట్టారు. పుట్టెడు జనం మంచాల చుట్టూ మూగితే వైద్యం ఎలా సాగుతుందని డాక్టరు శర్వాణిగారి బాధ. అదీ న్యాయమే. ఇటు గురువులేమో వెంట మనిషి లేనిదే మందు లేదంటారు. ఇద్దరికీ కొన్నాళ్ళు మాటల్లేవు. ఇంతలో డాక్టరుగారికే జ్వరం వచ్చింది. తన ఆసుపత్రికి తానే శాలువా కప్పుకుని వస్తుంటే జానకమ్మ గేటు దగ్గర అడిగింది, నీతోటి ఎవులొచ్చినారని. నేను డాక్టర్ని అని చెప్పబోయిన ఆమెకు, తన వెంట ఎవరూ లేరన్నది గుర్తొచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి. జానకమ్మ గేటు వదిలేసి ఆమె వెంట లోపలికి వెళ్ళింది. బోర్డు ఇప్పటికీ ఉంది. దాని మీద ఇప్పుడు, ప్రతి మంచం పక్కన ఒకరు తప్పక ఉండాలి అని రాసి ఉంటుంది.

ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, తలనీలాలు ఇవ్వరు. ప్రసాదం ఉప్పు వేసిన చోడి అంబలి. మొక్కు ఒక్కటే. నయమైనవారు మళ్ళీ ఒక రోజు వచ్చి వసారాలోని బల్ల మీద కూర్చుంటారు. ఎవరైనా ఒంటరిగా వస్తే లేచి నానొచ్చినాను అంటారు. పట్నం నుంచి వచ్చే యాత్రికులు ఆ మాటను తమ యాసలోనే అనవచ్చు, అమ్మవారికి పట్టింపు లేదు.

ఈ కథ చదివినవారికి ఏ ఫలం దక్కుతుందో చెప్పడానికి మా దగ్గర శ్లోకం లేదు. మీరు జబ్బుపడి ఎప్పుడైనా ఈ గేటు దగ్గరకు వస్తే, జానకమ్మ అడిగినప్పుడు మీ వెంట ఎవరూ లేకపోతే సిగ్గుపడకండి. లేరనే చెప్పండి. మీ మాట పూర్తయ్యేలోగా ఆ బల్ల మీద నుంచి ఎవరో ఒకరు లేస్తారు.