సన్యాసినాయుడి సంసారం

పరమేశంగారు ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఏదో ఒక పని పురమాయించేవారు. నూతిలో నీళ్ళు తోడి మొక్కలకు పోయమనో, ఊళ్ళో ఫలానావారింటికి వెళ్ళి రమ్మనో చెప్పి, తాను పుస్తకంలోకి తల దించుకునేవారు. పని చేసుకుని వచ్చినవాడు మళ్ళీ అదే ప్రశ్న అడిగితే అప్పుడు తల ఎత్తేవారు. చాలామంది మళ్ళీ అడిగేవారు కాదు.

సాలూరు దాటి కొండల వైపు పోయే దారిలో, జీడితోటల మధ్య ఉండేది ఆయన కుటీరం. ఆ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో సుదర్శనం అక్కడికి చేరాడు. అనకాపల్లిలో కాలేజీ లెక్చరరు. ఉపనిషత్తులు శ్రద్ధగా చదువుకున్నవాడు, మంచి మాటకారి, ఇంకా నలభై నిండలేదు. ఉన్న ఒక్క కొడుకూ విషజ్వరంతో పోయి ఏడాది తిరిగింది. ఆనాటి నుంచి అతని భార్య వసంత మాట మానేసింది. లేస్తుంది, కూర్చుంటుంది, ఎవరైనా కలిపి పెడితే తింటుంది. పిలిస్తే మాత్రం పలకదు. సుదర్శనం మొదట్లో బతిమాలాడు, డాక్టర్లకు చూపించాడు, ఒకటి రెండుసార్లు కసిరాడు కూడా. ఆ తరవాత అతనూ మాట్లాడడం మానేశాడు. చివరికి వసంతను ఆ ఊళ్ళోనే ఉన్న వాళ్ళ అక్కగారింట్లో దిగబెట్టి, కాలేజీకి సెలవు పెట్టి, గురువుగారి దగ్గరికి వచ్చేశాడు. తనకు వైరాగ్యం కలిగిందన్నాడు. సన్యాసం ఇప్పించమన్నాడు. పరమేశంగారు సరేననలేదు, కాదనీ అనలేదు. తోటలో ఉండమన్నారు.

ఒకనాటి సాయంత్రం పాఠం ముగిశాక సుదర్శనం అడిగాడు.

"గురువుగారూ, సంసారంలోనే ముసలివాడై, సంసారంలోనే పోయినవాడు ఎవడైనా ఒడ్డు చేరాడా? మీ ఎరుకలో అలాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా?"

పరమేశంగారు పుస్తకం మూసి పక్కన పెట్టారు. "రేపు ఊళ్ళో సన్యాసినాయుడి పెద్దకర్మ. భోజనాలకు ముందు నలుగురూ కూర్చుని ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకుంటారట. నన్నూ రమ్మన్నారు. నా మోకాళ్ళు సాగడం లేదు. నా బదులు నువ్వు వెళ్ళి మాట్లాడిరా" అన్నారు.

ఆ పేరు విని పోయినాయన ఎవరో సాధువు కాబోలనుకున్నాడు సుదర్శనం. మర్నాడు పొద్దున్నే ఊళ్ళోకి వెళ్ళి వాకబు చేస్తే సంగతి తెలిసింది. లెంక సన్యాసినాయుడు షామియానాలూ, కుర్చీలూ, వంటపాత్రలూ అద్దెకిచ్చే టెంటు హౌసు ఆసామి. ఎవరో బైరాగి విభూతి పెడితే పుట్టాడని తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారట. తొంభై ఏళ్ళు బతికాడు. నలుగురు పిల్లలు, ఇంటినిండా మనవలు, మునిమనవలు. ఊరు దాటి పోయాడంటే పెళ్ళిపందిళ్ళు వేయడానికి చుట్టుపక్కల పల్లెలకే. సుదర్శనానికి నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. ఇలాంటి మనిషి గురించి ఏం చెప్పాలి? గీతలోంచి రెండు శ్లోకాలు చదివి, కర్మయోగి అని ఒక మాట అంటే సరిపోతుందిలే అనుకున్నాడు.

అయినా కాస్త వివరం కనుక్కుందామని ముందే ఆ ఇంటికి వెళ్ళాడు. వీధికి అడ్డంగా షామియానా వేసి ఉంది. దాని కింద బెంచీ మీద కూర్చున్న పక్కింటి గౌరునాయుడు, రిటైరైన పోస్టుమేను, జరిగి చోటిచ్చాడు. సుదర్శనం అడగ్గానే చెప్పడం మొదలుపెట్టాడు.

"మా అమ్మ పోయినప్పుడు కార్యాలన్నీ అయిపోయాయండి. చుట్టాలు బస్సులెక్కేశారు. కుర్రాళ్ళు టెంటు విప్పడానికొస్తే నాయుడు ఆపాడు. 'ముందటి ముక్క ఒకటి ఉండనీండిరా. పదిరోజులు నీడలో ఉన్న వాకిలి, ఒక్కసారిగా ఎండ పడితే ఇంట్లోవోలు సూడలేరు' అన్నాడు. రెండురోజులు ఉంచాడు. తరవాత తనే వచ్చి విప్పి, నాతో టీ తాగి, మా అమ్మ చేసే ఉలవచారు గురించి మాట్లాడి వెళ్ళాడు. చావు జరిగిన ఏ ఇంటికైనా అంతేనండి ఆయన."

సుదర్శనం తల ఊపాడు. మంచి మాటే, ఉపన్యాసంలో పనికొస్తుందనుకున్నాడు.

లోపల సావిట్లో సన్యాసినాయుడి భార్య పైడితల్లి గోడకు చేరబడి కూర్చుని ఉంది. పక్కనే ఆమె ఆడపడుచు నారాయణమ్మ. ఇద్దరివీ ముగ్గుబుట్టల్లాంటి తలలు. చుట్టూ పిల్లలు, చేతుల్లో బూరెలు. సుదర్శనం నమస్కరించి తాను ఎవరో చెప్పాడు.

"కూకోండి బాబూ" అంది పైడితల్లి. "పంతులుగోరు మాకు పెద్దదిక్కు. ఆయన పంపితే ఆయనొచ్చినట్టే. ఏటి సెప్పను? గొప్పోలం కాదు మేం. మా ఆయన తిండిమనిసి. కూరలో ఉప్పు తగ్గితే కోపమొచ్చి కంచం తోసీసీవోడు. మల్లీ ఎవరూ సూడకుండా తనే లాక్కుని తినీసీవోడు." ఆమె నవ్వింది. పెద్దకర్మనాడు భార్య నవ్వడం సుదర్శనానికి వింతగా తోచింది.

"నాకు మతి పోయినప్పుడు సూడాల బాబూ ఆయన్ని" అంది మళ్ళీ, జలుబు చేసినప్పటి సంగతి చెబుతున్నంత మామూలుగా. "నాకు గురుతు నేదు. ఇదిగో, మా నారాయణమ్మ సెప్తాది."

నారాయణమ్మ మాటలు కూడదీసుకుని నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వాళ్ళ మొదటి కొడుకు నడక నేర్చిన కొత్తలో వేగావతికి వరదొచ్చింది. రేవులో తల్లి పక్కనే ఉన్న పిల్లాణ్ణి ఏరు తీసుకుపోయింది. ఆనాడు పోయింది పైడితల్లి మాట. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. కన్ను తెరిచి ఉంటుంది గాని చూపు ఉండదు. ఒక ఏడు చూశారు, రెండో ఏడు చూశారు. ఇక పెద్దలు కూర్చుని తీర్మానించారు, ఆ పిల్లను పుట్టింట దిగబెట్టి, నాయుడికి మరో సంబంధం చూడాలని.

"అప్పుడు మా అన్న లేచినాడు బాబూ" అంది నారాయణమ్మ. "'కొడుకు దానికొక్కదానికే పోనాడేటి? నాకూ పోనాడు. మరి నన్నెక్కడ దిగబెడతారు?' అన్నాడు. పెద్దలు లేచి ఎల్లిపోనారు."

సుదర్శనం తల వంచుకున్నాడు.

అప్పట్లో షామియానాలు లేవు. తాటాకు పందిళ్ళే. నాయుడు ఏ ఊళ్ళో పందిరి వేస్తే ఆ ఊరికి భార్యను బండి మీద తీసుకుపోయేవాడు. పొద్దున్నే తల దువ్వి జడ వేసి, నీడ చూసి కూర్చోబెట్టి, ఇక పని చేస్తూ మాట్లాడుతూనే ఉండేవాడు. ఇదిగో పైడీ, ఇక్కడ పెళ్ళికూతురు కూకుంటాది. ఇటు తాటాకు పల్చగా ఉంది, ఇంకో మట్ట వేయమంటావా? అడిగి, జవాబు వచ్చేంతసేపు ఆగేవాడు. రాకపోతే మళ్ళీ మొదలుపెట్టేవాడు. కూలివాళ్ళు మొదట్లో చాటుగా నవ్వారు. కొన్నాళ్ళకు వాళ్ళకూ ఆమెకు చెప్పాకే పని మొదలుపెట్టడం అలవాటైంది.

"అలగే ఏళ్ళు గడిచిపోనాయి బాబూ. మక్కువ ఊల్లో ఒక పెళ్ళి. నానూ ఎల్లినాను, ఆకులు అందీడానికి. అన్న గుంజ పాతి మట్టి దిమ్మిస్తన్నాడు. ఎనకనుంచి, 'అది వొంకరగా ఉంది' అని వినిపించినాది. ఎవరో అనుకున్నాను. సూస్తే మా వొదిన."

సావిట్లో పిల్లలు కూడా అల్లరి ఆపి వింటున్నారు. వాళ్ళకిది కొత్త కథ కాదు. అయినా వింటున్నారు.

"అన్న గునపం వొదల్నేదు, ఎనక్కి తిరగనేదు. బెదిరిపోతాదనుకున్నాడో ఏటో. 'ఎటేపు?' అన్నాడు, రోజూ అడిగినట్టే. 'ఇటేపు' అని సెయ్యి సూపించినాది. సరిసేసి, 'ఇప్పుడో?' అన్నాడు. 'ఇప్పుడు బాగుంది' అన్నాది. మట్టి గట్టిగా దిమ్మించి అప్పుడు ఎల్లినాడు పందిరి ఎనక్కి. ఎంతకీ రాడే. నానెల్లి సూద్దును గదా, ఆకుల కుప్పలో మొకం పెట్టుకుని ఏడుస్తన్నాడు. ఏటయింది అన్నా అంటే, 'గుంజ వొంకరగా ఉందటే, మీ వొదిన సెప్పింది' అన్నాడు."

"నిజంగానే వొంకరగా ఉంది బాబూ" అంది పైడితల్లి. సావిడంతా నవ్వింది. ఆమె చూపు గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకుల మీదికి, వాళ్ళ వెనక ఉన్న కోడళ్ళ మీదికి పోయింది. "ఈ నలుగురూ ఆ తరవాత పుట్టినోలే."

ఒళ్ళో కూర్చున్న మునిమనవరాలి జుట్టు నిమురుతోంది పైడితల్లి. ఎలా అడగాలో తెలియకపోయినా సుదర్శనం అడిగేశాడు.

"అమ్మా, అన్నేళ్ళు ఆయన మాట్లాడుతూ ఉంటే మీకు వినిపించేదా? ఆయన ఏమనేవారో తెలిసేదా?"

పైడితల్లి ఆలోచించింది. "మాటలు గురుతు నేవు బాబూ. గొంతుక ఉండీది. నూతిలో పడినోలికి పైనుంచి ఎవరో మాటాడతన్నట్టు. ఆ గొంతుక ఉన్నాది గాబట్టి పైన ఇంకా ఏదో ఉన్నాదని తెల్సీది." సుదర్శనం ముఖం పరకాయించి చూసింది. "ఇంటికాడ అంతా బాగున్నారా బాబూ?"

అతను గుమ్మం వైపు చూశాడు. ఆమె మరి రెట్టించలేదు. మనవరాలిని పిలిచి అతనికి మంచినీళ్ళు ఇప్పించింది.

మధ్యాహ్నం షామియానా కింద సభ జరిగింది. సభంటే మైకూ వేదికా ఏమీ లేవు. తోచినవాళ్ళు లేచి తోచింది చెప్పారు. తన పెళ్ళినాడు గాలివాన వస్తే నాయుడూ కొడుకులూ మూడు ముళ్ళూ పడేదాకా గుంజలు పట్టుకుని నిలబడ్డారని ఒకాయన చెప్పాడు. తాతయ్య తనకు ఏట్లో ఈత నేర్పాడని, నేర్పినన్నాళ్ళూ ఒక్కసారైనా తన చెయ్యి వదలలేదని, ఎందుకో పెద్దదాన్నయ్యాక తెలిసిందని పెద్ద మనవరాలు చెప్పి కూర్చుంది. గౌరునాయుడు తన తల్లి ఉలవచారు సంగతి మళ్ళీ చెప్పాడు. ఏడ్చినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళే ఎక్కువ.

సుదర్శనం వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. పొద్దున అనుకున్న శ్లోకాలు నోటికి వచ్చినవే, అయినా నోరు రాలేదు. "పరమేశంగారు రాలేకపోయారు. నేను వారి శిష్యుణ్ణి" అని మాత్రం అన్నాడు. నాయుడి పటానికి నమస్కారం పెట్టాడు. పైడితల్లి ముందు వంగి ఆమె కాళ్ళు తాకాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ తప్పుపట్టలేదు. ఆ తరవాత పెద్దకొడుకు దగ్గరుండి విస్తరి వేయించి, బూరె మీద బూరె వేయించి, తినేదాకా కదలలేదు.

పొద్దు వాలే వేళకు సుదర్శనం తోటకు తిరిగి వచ్చాడు. పరమేశంగారు అరుగు మీద కూర్చుని ఆరబోసిన జీడిపిక్కలు ఏరుతున్నారు. శిష్యుడు కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నిన్నటి ప్రశ్న అడగలేదు.

"గురువుగారూ, అక్కడ నేనేమీ మాట్లాడలేకపోయాను" అన్నాడు.

"పోనీలే. మాట్లాడేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారుగా."

సుదర్శనం లోపలికి వెళ్ళాడు. ఉన్న రెండు జతల బట్టలూ సంచిలో సర్దుకున్నాడు. చీకటి పడకముందే విజయనగరం బస్సు అందుకుంటే, అక్కడినుంచి అనకాపల్లికి రైలుంది. సంచి భుజాన వేసుకుని వచ్చి గురువుగారికి నమస్కరించాడు. ఎక్కడికని ఆయన అడగలేదు. సుదర్శనం మెట్టు దిగి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"వెళ్ళగానే వసంతతో ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు గురువుగారూ. ఎన్నాళ్ళు మాట్లాడాలో కూడా తెలియదు."

పరమేశంగారు చేతిలోని జీడిపిక్కను ఎంచి చూసి గంపలో వేశారు.

"నాయుడికి మాత్రం తెలుసునా?" అన్నారు.