పిలిస్తే వచ్చిన కుక్కపిల్ల

ఇప్పలగుట్ట అడవిలో ఎలుగుబంట్లు, జింకలు, ముళ్ళపందులు, నక్కలు, తోడేళ్ళు ఉండేవి. ఒక ఎండాకాలం అక్కడి వాగు ఎండిపోయింది. నీళ్ళు ఒక్క మడుగులోనే మిగిలాయి. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో ఒక చిరుత వచ్చి ఆ చుట్టుపక్కల తిరగసాగింది. ఇక అడవిలో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. ఎండుటాకు కదిలినా అందరూ ఉలిక్కిపడేవారు.

ఆ రోజుల్లోనే ఎవరో మనుషులు మూడు కుక్కపిల్లల్ని గంపలో తెచ్చి అడవి దారిలో వదిలి వెళ్ళారు. అవి కుయ్యోమని ఏడుస్తుంటే జంతువులకు జాలేసింది. గుబురమ్మ అనే ఎలుగుబంటికి పిల్లలు లేరు. అది ఒక కుక్కపిల్లను తెచ్చుకుని చిటికె అని పేరు పెట్టుకుంది. చుక్కాలి అనే జింక తెల్లదాన్ని తీసుకుని బూరుగు అని పిలిచింది. మూడోదాన్ని ముళ్ళపంది తాత తీసుకెళ్ళాడు. దాని పేరు గోగు.

తెచ్చుకున్నంత తేలిక కాదు పెంచడం. బూరుగు జింకపిల్లల వెంటపడి తరిమేది. గోగు కనిపించినదల్లా కొరికేది.

"వీడు నన్ను కొరికితే నొప్పి నాకు కాదు, వీడికే! పొద్దున్నుంచి వీడి మూతిలో ముళ్ళు తీయడమే నా పని," అని ముళ్ళపంది తాత వాపోయాడు.

చిటికె ఇంకో రకం. సీతాకోకచిలుక కనిపిస్తే చాలు, దాని వెనకే పొదల్లోకి వెళ్ళిపోయేది. గుబురమ్మ ఎంత పిలిచినా వచ్చేది కాదు. ఏ పొద వెనక చిరుత ఉందోనని గుబురమ్మ భయపడేది. కూర్చోలేకపోయేది, నిలబడలేకపోయేది, ఒక ముద్ద తినలేకపోయేది.

"మన వల్ల కాదు. వీటికి చదువు చెప్పేవాళ్ళు కావాలి," అంది చుక్కాలి.

ఆ అడవిలో కోరమీసం అనే తోడేలు ఉండేది. ఎవరికైనా ఏదైనా తానే నేర్పగలనని దానికి మహా గర్వం. అది వెంటనే ఒక చదును బండ మీద బడి పెట్టింది.

"పిల్లల్ని నాకు వదలండి. మీరు ఆ చెట్ల కింద కూర్చోండి. మధ్యలో రాకండి, ప్రశ్నలు వేయకండి," అంది కోరమీసం.

తర్వాత పళ్ళు బయటపెట్టి ఒక్క గుర్రు పెట్టింది. మూడు కుక్కపిల్లలూ తోకలు ముడుచుకుని వరసగా చతికిలబడ్డాయి. కదిలినదాని మెడ మీద పంజా పడింది. ఇంకోసారి ఏదీ కదలలేదు.

"అబ్బ! ఎంత బుద్ధిగా కూర్చున్నాయో!" అని చుక్కాలి మురిసిపోయింది.

గుబురమ్మ మాత్రం మెల్లగా ముందుకొచ్చింది. "అయ్యా, మా చిటికెకు పిలిస్తే రావడం నేర్పుతారా? నాకు అదొక్కటే కావాలి."

"ఏం నేర్పాలో నాకు తెలుసు. అందరికీ ఒకటే చదువు," అని కోరమీసం కసిరింది.

కొన్నాళ్ళు గడిచాయి. బండ మీద చిటికె రాయిలా కూర్చునేది. గుహకు వస్తే మాత్రం నిద్రలో వణికేది. పిలిస్తే రాకపోగా, నేలకు అంటుకుపోయి మూత్రం పోసేది. గుబురమ్మ వెళ్ళి ఆ మాట చెబితే కోరమీసం నవ్వింది.

"నీ గారాబమే వాణ్ణి పాడుచేసింది. ఇంకా గట్టిగా గద్దించు."

మర్నాడు చిటికె మళ్ళీ పొదల్లోకి వెళ్ళి కాసేపటికి తనంతట తానే తిరిగి వచ్చింది. గుబురమ్మ అప్పటిదాకా పడ్డ ఆందోళనంతా కోపంగా మారింది. "ఎక్కడ చచ్చావురా?" అని గుహ అదిరేలా అరిచింది. చిటికె పరుగెత్తి ఒక బండ చీలికలో దూరింది. గుబురమ్మ పంజా అందులో పట్టలేదు. ఎంత బతిమాలినా అది బయటికి రాలేదు. చీకట్లో రెండు కళ్ళు మాత్రం తనను చూసి భయపడుతూ మెరిశాయి.

చిరుతను చూసినట్టు తనను చూస్తోందని గుబురమ్మకు అర్థమైంది. ఆ చీలిక ముందే కూలబడి ఏడ్చింది. చివరికి ఆకలికి తాళలేక చిటికె బయటికి వచ్చింది. గుబురమ్మ దాన్ని ఎత్తుకుని, నేరుగా సోనమ్మ అనే ఆడ నక్క బొరియకు వెళ్ళింది. సోనమ్మ ఎన్నో ఈతల పిల్లల్ని పెంచి పెద్ద చేసిన నక్క.

"నక్కత్తా, మా వాడికి చదువు చెప్పు," అంది గుబురమ్మ.

సోనమ్మ కుక్కపిల్ల వంక చూడలేదు. గుబురమ్మనే చూస్తూ, "ముందు నువ్వు చెప్పు. నీకేం కావాలి?" అని అడిగింది.

"నా గొంతు వినగానే వాడు నా దగ్గరికి రావాలి. చిరుత తిరిగే అడవి ఇది. వాడు బతకాలి, అత్తా."

"సరే. వాడు వస్తే నువ్వేం చేస్తావు?"

గుబురమ్మ తల దించుకుంది. "తిడతాను."

"తిట్టించుకోవడానికి ఎవరైనా పరుగెత్తుకొస్తారా?"

గుబురమ్మ చిటికెను ఇంకా దగ్గరికి తీసుకుంది.

"నేను వాడికి నేర్పేది కొంచెం. నీకు నేర్పేదే ఎక్కువ. తొందరపడకు, ఇది ఒక్క రోజులో అయ్యేది కాదు. ఒప్పుకుంటేనే రా," అంది సోనమ్మ.

గుబురమ్మ ఒప్పుకుంది. మడుగులోంచి చిన్న చేపలు పట్టి తెచ్చింది. సోనమ్మ చెప్పినట్టు మెత్తగా పిలిచింది. చిటికె ఒక్క అడుగు వేసినా చేపముక్క పెట్టింది, మెడ నిమిరింది. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టలేదు. చిటికె అలసిపోతే పాఠం ఆపేసింది. మొదట్లో గుబురమ్మకు విసుగొచ్చి గొంతు పెరిగేది. అప్పుడు సోనమ్మ, "గుబురమ్మా, నువ్వు వెళ్ళి ఆ చెట్టుకు వీపు గోక్కుని రా," అని పంపేసేది.

ఈ సంగతి తెలిసి ముళ్ళపంది తాత కూడా గోగును తీసుకుని వచ్చాడు. గోగుకు కొరకడానికి ఏదో ఒకటి కావాలని సోనమ్మ గమనించింది. ఒక పాత కొమ్ముముక్క ఇచ్చింది. తాత ముళ్ళు బతికిపోయాయి, గోగు మూతి కూడా బతికిపోయింది.

చుక్కాలి మాత్రం రాలేదు. "ఆ నక్క దగ్గర ఏముంది? తినడం, ఆడటం! మా బూరుగును చూడండి, రెప్ప కూడా వేయడు," అని గొప్పలు పోయింది.

ఒక సాయంత్రం కోరమీసం తన గొప్ప చూపించాలని అందర్నీ మడుగు దగ్గరికి పిలిచింది. అందరూ చుట్టూ చేరారు. బూరుగు బొమ్మలా కూర్చుంది. కోరమీసం మీసం దువ్వింది. చిటికె అవతలి ఒడ్డున కప్పల వెంట గెంతుతోంది.

అంతలో మడుగు పక్కన తుంగగడ్డి కదిలింది. చిరుత!

జంతువులన్నీ చెల్లాచెదురయ్యాయి. గుబురమ్మకు గట్టిగా అరవాలనిపించింది. కానీ గొంతు పెంచకుండా, రోజూ పిలిచినట్టే పిలిచింది. "చిటికే, రా నాన్నా!"

చిటికె చెవులు నిక్కబొడిచింది. కప్పను వదిలేసి, బాణంలా ఉరికి గుబురమ్మ కాళ్ళ మధ్య దూరింది.

బూరుగు మాత్రం కదల్లేదు. చిరుత దాని వైపే వస్తోంది.

"లే! పరుగెత్తు!" అని కోరమీసం గుర్రుమంది. ఆ గుర్రు వినగానే బూరుగు ఇంకా నేలకు అంటుకుపోయింది. గుర్రంటే కదలకూడదనే కదా దానికి నేర్పింది! కోరమీసానికి పరువు పోతుందన్న కోపం వచ్చింది. చిరుత సంగతే మరిచి, బూరుగు మీదికి వంగి ఇంకా గట్టిగా అరిచింది.

"బూరుగూ! బూరుగూ!" అని చుక్కాలి దూరం నుంచి ఏడుస్తూ పిలిచింది. ఆ గొంతు విని రావాలని బూరుగుకు ఎవరూ ఏనాడూ నేర్పలేదు.

చిరుత ఎగిరి పంజా విసిరింది. ముందు దొరికింది కోరమీసమే. దాని చెవి చీలింది, వీపు రక్తమయమైంది. అది కుయ్యిమంటూ గుట్ట దాటి పారిపోయింది.

చిరుత బూరుగు వైపు తిరిగేలోపు ముళ్ళపంది తాత ముళ్ళన్నీ లేపి మధ్యలో నిలబడ్డాడు. గుబురమ్మ చిటికెను సోనమ్మకు అప్పగించి, రెండు కాళ్ళ మీద లేచి అడవి దద్దరిల్లేలా గర్జించింది. చిరుత ముళ్ళను చూసింది, ఎలుగుబంటి గోళ్ళను చూసింది. వెనక్కి తగ్గి కొండల్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ అడవికి రాలేదు.

చుక్కాలి పరుగున వచ్చి బూరుగు పక్కన పడుకుంది. బూరుగు ఒళ్ళు ఇంకా వణుకుతూనే ఉంది.

"నక్కత్తా, వీడికి ఏమైనా నేర్పగలవా?" అని చుక్కాలి బతిమాలింది.

"ముందు వాడి భయం పోవాలి. అది నేర్పడం కన్నా కష్టం. నువ్వు రోజూ వస్తావా?" అని సోనమ్మ అడిగింది.

"వస్తాను," అంది చుక్కాలి.

అలాగే వెళ్ళింది. వానలు పడ్డాయి, వాగు నిండింది. ఒక రోజు చుక్కాలి పచ్చికలో నిలబడి మెల్లగా, "బూరుగూ," అని పిలిచింది. బూరుగు నాలుగడుగులు వేసి ఆగింది. ఆమె ముఖం వంక చూసింది. చుక్కాలి కదలకుండా నిలబడింది. బూరుగు తోక కొద్దిగా ఊపుతూ, మిగతా దూరం కూడా నడిచి వచ్చి ఆమె కాలికి ఆనుకుని నిలబడింది.

నీతి: భయపెట్టి నేర్పిన చదువు ఆపదలో పనికిరాదు, పిల్లలకు ఓర్పుతో నేర్పాలంటే పెంచేవారూ నేర్చుకోవాలి.