బురద లేని వీధి

వానొస్తే ఆ వీధి మోకాలిలోతు బురద. ఇళ్లవాళ్లంతా ఒక్కటై, మురుగుకాలువ తవ్వించమని నగరాధికారి దండపాణిరాయుడికి మొరపెట్టుకున్నారు. ఆయనగారు పల్లకీలో విచ్చేసి, నడివీధిలో తెర తొలగించి చూశాడు.

“బురదేదీ? నా చెప్పుకి చుక్కైనా అంటలేదే! పొడినేల అని రాయవయ్యా,” అన్నాడు. మోకాళ్లదాకా దిగబడ్డ లేఖరి తాటాకు మీద అలాగే రాశాడు.

పల్లకీ ముందు మోస్తున్న బోయీ ఎర్రప్ప ఇల్లూ ఆ వీధిలోనే. పొడినేల కనబడితే పల్లకీ దించి భుజం మార్చుకోవడం బోయీల ఆనవాయితీ. ఎర్రప్ప సైగ చేశాడు. పల్లకీ దిగింది. దొరగారు నడుముదాకా మునిగారు.

“ఒరేయ్, బురదరా! ఎత్తండ్రా!”

“పొడినేలని తమరే రాయించారు కదా దొరా! లేని బురదలోంచి ఎలా ఎత్తేది?”

తాటాకు మీద రాత మారింది. కాలువ తవ్వకానికి అనుమతి ముద్ర పడ్డాకే పల్లకీ లేచింది.