విభజింపరాని సేన

పూర్వం ద్వాపరానికి ముందటి కాలంలో ధ్రువావతీ నగరాన్ని ఏలిన ఋతకేతు మహారాజు శత్రుభయంకరుడనీ ఆశ్రితవత్సలుడనీ పేరుపొందినవాడే గాని, బిడ్డల విషయంలో వట్టి పిరికివాడు. విభాగాసురుడు దండెత్తి వస్తున్నాడని విని, ఊరూరి కొడుకులనూ సేనలోకి పిలిపించి, తన కుమారులు అయిదుగురినీ వ్రతదీక్ష నెపంతో అంతఃపురంలో దాచాడు.

ఆ అసురుడు ఘోరతపస్సు చేసి బ్రహ్మవల్ల వరం పొందినవాడు. ఏ సమూహాన్నైనా శేషం లేకుండా సమభాగాలు చేయగలిగితే రోజుకొక భాగం వాడికి ఆహారం. ఒక్కొక్కరిగా విడదీయడం మాత్రం చెల్లదు. ఎలా పంచినా లొంగని సమూహం ఎదురైన నాడు చీలిపోయేది వాడే.

రాజు సేన ఒక అక్షౌహిణి. రథికులు, గజారోహులు, ఆశ్వికులు, పదాతులు కలిసి రెండు లక్షల పద్దెనిమిది వేల ఏడు వందలమంది. అన్నిటికన్నా చిన్న దళాలైన పత్తులు మూడు కలిస్తే ఒక సేనాముఖం, మూడు సేనాముఖాలు ఒక గుల్మం, ఇలా మూళ్లతో పేర్చిన సేన కనుక అది అసురుడికి వడ్డించిన విస్తరే. మంత్రి సుగుప్తుడు రెంటితో, మూటితో, అయిదుతో భాగించి చూసి, "మహాప్రభూ, ఒక్కరు చేరితే ప్రతిసారీ ఒకరు మిగులుతారు. తమరు నిలిస్తే చాలు" అన్నాడు.

రాజు నిలిచాడు. అసురుడు నవ్వి, సేనను ఏడు పాళ్లు చేశాడు. ఎవరూ మిగలలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే ముప్పై ఒక్క వేల రెండు వందల నలభై ముగ్గురు వాడి కడుపులో పడ్డారు. "ఇప్పుడున్నది సరిసంఖ్య. రేపు సగం" అని చెప్పి వాడు వెళ్లిపోయాడు.

రాజు త్రికాలవేది అయిన మేధాయన మహర్షి పాదాలపై పడ్డాడు.

"మూళ్లతో పేర్చినవారు, తమకు అలవాటైన అంకెలతోనే పరీక్షించారు" అన్నాడు ముని. "నిత్యం సప్తర్షులకు తర్పణం విడిచే చేతులకు ఏడు గుర్తుకు రాలేదు. ఉన్నవారికి మరో అయిదుగురు చేరితే ఒక లక్ష ఎనభై ఏడు వేల నాలుగు వందల అరవై ముగ్గురవుతారు. ఆ సంఖ్య ఏ భాగహారానికీ లొంగదు."

"ఆయుధం పట్టగలవాడెవడూ రాజ్యంలో మిగలలేదు, భగవాన్."

"అయిదుగురు మిగిలారు."

"తమ లెక్క తప్పితే నా వంశం నశిస్తుంది."

"ఈ ఉదయం నీ లెక్క తప్పింది, రాజా. నశించినది ఎవరి వంశం?"

మరునాడు కుమారులు వచ్చి పదాతుల వరుసలో నిలిచారు. "తండ్రీ, మమ్మల్ని నిన్ననే ఎందుకు పిలవలేదు?" అని పెద్దవాడు చిత్రభానుడు అడిగాడు.

అసురుడు రెండు పాళ్లు చేశాడు, ఏడు చేశాడు, పదమూడు చేశాడు. ఎలా పంచినా శేషం మిగులుతూనే ఉంది. పొద్దు వాలేసరికి ఆకలితో అరుస్తూ నిలువునా చీలిపోయాడు. హంసవాహనుడైన చతుర్ముఖుడు ప్రత్యక్షమై వరం కోరుకొమ్మన్నాడు.

"పోయినవారిని తిరిగి ఇప్పించు, పితామహా."

"అది నా చేతిలో లేదు. మరొకటి కోరుకో."

"అయితే నా వంశంలో సేనను లెక్కించేనాడు రాజు బిడ్డలనే మొదట లెక్కించాలి. దాచినవాడి తల మీద కిరీటం నిలవకూడదు."

బ్రహ్మ తథాస్తు అన్నాడు. వానలు కురిశాయి, పైర్లు పండాయి, ధర్మం కుదుటపడింది. ఋతకేతుడు మాత్రం పోయినవారికి ఒక్కొక్కరి పేరు చెప్పి తర్పణం విడుస్తూ నదీతీరంలోనే ఉండిపోయాడు. తిలోదకాలు అందించినవారు ఆయన కుమారులే. రాజు ఒక్కసారైనా తలెత్తి వారి ముఖం చూడలేదు.