తాయారు ఎక్కిన పడక

"తాయారూ! ఓ తాయారూ! మూడో పడక తాత మంచినీళ్ళంటున్నాడు, వినబడట్లేదా?"

రాజుగారి వైద్యశాల పెత్తందారు సోమరాజు వసారాలోంచి కేకేశాడు. పరిచారిక తాయారుకి పొద్దుటినుంచీ ఒళ్ళు కాలిపోతోంది. సెలవడిగితే, "అన్నీ సాకులే! నీ వంతు పూర్తవకుండా గడప దాటావో, కొలువు పోయినట్టే," అన్నాడు. ఇంట్లో ముసలితల్లికి ఆ కొలువే ఆధారం.

బదులు రాకపోయేసరికి సోమరాజు లోపలికొచ్చాడు. తాయారు ఖాళీ పడక మీద దుప్పటి కప్పుకుని ఉంది.

"ఇదేంటే?"

"గడప దాటలేదు కదండీ. జ్వరమొచ్చినవాళ్ళకి ఇక్కడ పడకేగా ఇస్తారు! పరిచారిక లేని పూట రోగుల్ని పెత్తందారే చూసుకోవాలని రాజాజ్ఞ. గుమ్మం మీదే చెక్కి ఉంది."

"మరి నా నీళ్ళో, నాయనా?" అన్నాడు తాత.

సోమరాజు కండువా నడుముకి చుట్టాడు. తాతకి నీళ్ళు పట్టాడు, గంజి మాడ్చాడు, ఏడుగురు రోగుల పిలుపులకీ పరుగెత్తాడు. సాయంత్రం తాయారుకి కషాయం తెచ్చి, నుదుటి మీద చెయ్యేసి ఉలిక్కిపడ్డాడు.

"అమ్మో, నిప్పే! తగ్గేదాకా ఇంట్లోనే ఉండు. నీ కొలువెక్కడికీ పోదు."

"పొద్దున్నే చెయ్యేసి చూడొచ్చుగా? ఎందుకు నమ్మలేదండీ?"

సోమరాజు కషాయం గిన్నె ఆమె చేతికిచ్చి, గొంతు తగ్గించాడు.

"పోయిన నెల నేను కడుపునొప్పని మూడ్రోజులు రాలేదు చూడూ... నొప్పీ లేదు, పాడూ లేదు. కొత్తపెళ్ళాం మీద బెంగపుట్టి, ఏరు దాటి అత్తారింటికి పోయాను. అప్పట్నుంచీ అందరి జబ్బూ నా కడుపునొప్పిలాంటిదే అనిపిస్తోంది, చెల్లెమ్మా!"