మలుపులో కట్టిన గుడ్డ

గవరయ్యకు తల తిరిగిపోతోంది. మూడు రోజుల్లో ఆశ్రమం స్వామితో కలిసి దేశం దాటి వెళ్లాలి, మంచుకొండల్లో ఎక్కడో ఉన్న చిన్న గుడికి. సర్దుకోవాల్సింది రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, ఒక డ్రోను. బట్టలతో గొడవ లేదు. గొడవంతా డ్రోనుతోనే.

ఆశ్రమంలో చేరకముందు గవరయ్య పాలకొండలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. అప్పటిదే ఆ డ్రోను. అరచేతిలో ఇమిడిపోతుంది. ఆశ్రమంలో వంట చేసే అసిరమ్మకు మోకాళ్లు పోయాయి, ఈసారి యాత్రకు రాలేనంది. "నానెక్కలేను గదా బాబూ. ఆ గుడి సుట్టూరా తిప్పి నాకోపాలి సూపించు," అని అడిగింది. గవరయ్య ఆమె చేతిలో చెయ్యి వేసి సరేనన్నాడు.

అప్పట్నుంచీ అతను అడగని మనిషి లేడు. బ్యాటరీలు పెద్ద పెట్టెలో పెట్టకు, చేతిసంచిలో ఉంచుకో అన్నారు ఒకరు. ఇంత తేలికైనదానికి అనుమతి అక్కర్లేదన్నారు ఇంకొకరు. తేలికైతే ఏం, కెమెరా ఉందిగా, కావాలి అన్నారు మరొకరు. మనుషుల మీద ఎగరెయ్యకూడదట. ఎంత పక్కన ఉంటే మీద కానట్టో ఎవరూ చెప్పలేదు. అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. రాసుకున్న కొద్దీ ఇంకా తికమక.

"స్వామీ, ఎగరెయ్యొచ్చా, కూడదా? ఒక్క మాట చెప్పండి."

స్వామి చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. "నాకేం తెలుసు నాయనా? నేనెప్పుడూ ఎగరలేదు," అన్నారు.

ఆ దేశంలో దిగాక గవరయ్య డ్రోను అనుమతులిచ్చే ఆఫీసు చుట్టూ రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు ముద్ర కొట్టిన కాగితం ఇచ్చారు. ఆ గుడి దగ్గర, రెండే రెండు రోజులు. అది మడిచి జేబులో పెట్టుకున్నాక గాని తల నిలబడలేదు.

గుడి కింద చిన్న ఊరు. ఊరికీ గుడికీ మధ్య దారి మలుపు తిరిగాక ఒక కొండధార ఉంది. ఊళ్లో అందరి స్నానాలూ అక్కడే. ఎవరైనా స్నానానికి వెళ్తే మలుపులో ఉన్న కర్రకు గుడ్డ కడతారు. గుడ్డ ఉన్నంతసేపూ ఎవరూ మలుపు దాటరు. బరువులు మోసుకొచ్చేవాళ్లు కూడా మోపు దించి కూర్చుంటారు. వీళ్లు బస చేసిన ఇంటావిడ చోడెన్ ఈ సంగతి వెళ్లగానే చెప్పింది, వచ్చీరాని హిందీలో.

మర్నాడు ఇద్దరూ గుడికి బయల్దేరారు. మలుపులో ఎర్రగుడ్డ కట్టి ఉంది. గవరయ్య ఠక్కున ఆగాడు. స్వామిని కూడా ఆపాడు. వీపు అటు తిప్పి బుద్ధిగా నిలబడ్డాడు.

స్వామి రాయి మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. గుడ్డ ఎంతసేపటికీ తియ్యరు. ఎండ బాగుంది. కొండ మీద గుడి శిఖరం మెరుస్తోంది. ఊరికే నిలబడటమెందుకని గవరయ్య డ్రోను తీసి వదిలాడు. అది ధార మీదుగా గుడివైపు పోయింది.

మలుపు అవతల కేకలు. బిందెలు దొర్లిన చప్పుడు.

డ్రోను దించేసరికి చోడెన్ తడిజుట్టుతో, శాలువా చుట్టుకుని వచ్చింది. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు.

"ఎవరు నువ్వు?" అంది. పొద్దున టీ ఇచ్చిన మనిషే.

గవరయ్య గాభరాగా కాగితం తీశాడు. "అనుమతి ఉందక్కా. ఇదిగో ముద్ర. నేను గుడ్డ దాటలేదు. ఒక్క అడుగు వెయ్యలేదు. కావాలంటే స్వామిని అడుగు."

చోడెన్ కాగితం వంక చూడలేదు. ఆ పూట అన్నం గుమ్మం బయట పెట్టి వెళ్లింది. లోపలికి పిలవలేదు.

"ఎన్ని రాసుకున్నాను స్వామీ! ఇందులో నేను తప్పింది ఏది?"

స్వామి పళ్లెం కడుక్కుంటూ, "రేపు పొద్దున్నే స్నానానికి పోదాం," అన్నారు.

మర్నాడే ఆఖరి రోజు. మధ్యాహ్నం బస్సు పోతే మళ్లీ రేపటిదాకా లేదు. స్వామి తన కండువా మలుపులో కట్టారు. "నువ్వు ముందు కానియ్యి," అన్నారు.

గవరయ్య బట్టలు విప్పి ధార కింద కూర్చున్నాడు. ప్రాణం పోయే చన్నీళ్లు. సబ్బు రుద్దుకుంటూ తలెత్తితే, పైన బండ మీద స్వామి! మోకాళ్ల మీద చేతులు వేసుకుని ఇటే చూస్తున్నారు.

"స్వామీ! అటు తిరగండి."

స్వామి కదల్లేదు.

"గుడ్డ కట్టింది మీరే కదా స్వామీ!"

"అక్కడే ఉంది నాయనా. నేను దాటలేదు. చుట్టూ తిరిగి పైనుంచి వచ్చాను. గుడిని చూస్తున్నాను."

గవరయ్య చెంబు అడ్డం పెట్టుకున్నాడు. చెంబు చాల్లేదు.

బట్టలు కట్టుకున్నాక ఫోనులో నిన్నటి వీడియో తెరిచాడు. నిన్న రెండుసార్లు చూసుకున్నాడు, గుడే కనబడింది. ఇవాళ గుడి కనబడలేదు.

నేరుగా చోడెన్ దగ్గరికి వెళ్లి, ఆమె చూస్తుండగానే దాన్ని చెరిపేశాడు. అసిరమ్మకు చూపించడానికి ఉన్నది అదొక్కటే.

"ఎవరి కోసం తీశావు?" అంది చోడెన్.

"మా వంటావిడ కోసమక్కా. మోకాళ్లు పోయాయి. ఎక్కలేదు."

చోడెన్ బిందె తీసుకుని, మిగతా ఆడవాళ్లను కేకేసి ధారకు వెళ్లిపోయింది.

గవరయ్య మలుపు దగ్గర కూర్చున్నాడు, డ్రోను ఒళ్లో పెట్టుకుని. ఎర్రగుడ్డ గాలికి కొట్టుకుంటోంది. ఎండ శిఖరం మీదనుంచి జరుగుతోంది. కింద బస్సు హారను కొట్టింది.

"బస్సు వచ్చింది," అన్నారు స్వామి.

"వినబడింది స్వామీ."

హారను మళ్లీ మోగింది. గవరయ్య లేవలేదు.

చాలాసేపటికి మలుపులోంచి ఒక తడిచెయ్యి వచ్చి గుడ్డ విప్పింది. చోడెన్. గుడ్డ దులిపి భుజాన వేసుకుంది. తలెత్తి ఆకాశం చూసింది. తర్వాత గవరయ్య ఒళ్లోకి చూసింది.

"మీ వంటావిడకు మా గుడి చూపించు," అంది.

గవరయ్య స్వామి వైపు చూశాడు.

స్వామి భుజాన ఉన్న సంచి కిందకు దించారు. రాయి మీద కూర్చున్నారు.

"కానియ్యి నాయనా," అన్నారు.