రాణిగారికి వెళ్ళిన మూడు మాటలు

నాలుగు కొండలూ ఒక వాగూ ఉన్న ఒకానొక రాజ్యంలో గజసింహ భూపతి అనే రాజు ఉండేవాడు. రాజ్యం చిన్నదే గానీ బిరుదులు ముప్పైరెండు. భోజనాల వేళ కూడా తన గొప్పలే చెప్పుకొనేవాడు. విని విని విసిగిపోయి రాణి మల్లాంబ పుట్టింటికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి రాజుగారు అంత పొడవాటి భోజనశాలలో ఒక్కడే కూర్చునేవాడు. గొప్పలున్నాయి, వినే మనిషి లేదు. పాపం, అన్నం సయించేది కాదు.

మూడుసార్లు రాణికి లేఖ పంపాడు. మూడుసార్లూ అదే వాక్యం: "మిమ్మల్ని పిలుస్తున్నది మేము." రాజుగారిని తెలిపే మాట చివర, రాజముద్ర పక్కనే ఉండాలని ఆ కొలువు ఆనవాయితీ.

రాణి జవాబు పంపింది: "పిలుస్తున్నది ఎవరో తెలిసింది. ఎవరినో తెలియలేదు."

రాజు మండిపడి, లేఖలు రాసే కోనప్పను పిలిపించాడు.

"లోపం నీ రాతలోనే ఉందోయ్! మళ్ళీ రాయి. మా మాటల్లో ఒకటి చేర్చినా, ఒకటి తీసినా నిన్ను దేశం దాటిస్తాం. రాణి రాకపోయినా అంతే!"

"చిత్తం. ముద్ర వేసే పని కూడా నాకే వదలండి ప్రభూ," అన్నాడు కోనప్ప.

పదో రోజున రాణి పల్లకి దిగింది. ఉబ్బితబ్బిబ్బై ఎదురెళ్ళిన రాజు ఆమె చేతిలోని లేఖ చూసి ఉలిక్కిపడ్డాడు.

"మేము పిలుస్తున్నది మిమ్మల్ని."

"కోనప్పా! ఎంత ధైర్యం!"

"లెక్కపెట్టుకోండి ప్రభూ. అవే మూడు మాటలు. తమరు కూర్చునే చివరి పీట మాత్రం రాణిగారికి వేశాను."

రాజు మీసం దువ్వబోయి, ఆగి, పకపకా నవ్వాడు. కోనప్ప ఆలుమగలకని పట్టుబట్టల జత తెప్పించాడు. కోనప్ప పంచె తీసుకుని చీరను పళ్ళెంలోనే ఉంచాడు.

"అది నీ ఇల్లాలికోయ్!"

"ఆవిడా ఇలాగే అలిగి వెళ్ళింది ప్రభూ, పాతికేళ్ళ కిందట. నేనూ తమలాగే రాశాను. దిద్ది మళ్ళీ రాసేలోపే జ్వరమొచ్చి కన్నుమూసింది."

రాజు నవ్వు ఆగిపోయింది. రోజూ కొలువు ముగిశాక ఈ మనిషి ఎలాంటి ఇంటికి వెళ్తున్నాడో తానెన్నడూ అడగలేదు.

"కోనప్పా," అన్నాడు మెల్లగా, "ఈ పూట భోజనానికి మేము పిలుస్తున్నది నిన్ను."

ఆ పూట రాజుగారు ఒక్క బిరుదూ ఎత్తలేదట. కోనప్ప తన ఇల్లాలి సంగతులు చెబుతుంటే, మజ్జిగన్నం దాకా విన్నాడు.